ఉపగ్రహములు చెప్పు జాడ: దాని బలాబలములు



ఇప్పుడు మన గ్రామములలో సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. మనమున్న చోటును నీలపు చుక్కగా చూపు సాధనము ఆ ఫోనునందు కలదనియు అందఱును ఎఱుగుదురు. దానిని జి.పి.యస్. అని వాడుక. కొత్తయూరికి దారి తెలిసికొనుటకును, అద్దెబండిని ఇంటియొద్దకు రప్పించుకొనుటకును అది మిక్కిలి యుపకరించుచున్నది. కాని కొంతకాలముగా మఱియొక వాడుక ప్రబలినది. ఫోను చేతబట్టి పొలము చుట్టును నడచి, అది చెప్పిన విస్తీర్ణమును ప్రమాణముగా గైకొని, "నా భూమి తగ్గినది, ప్రక్కవాడు గట్టు జరిపినాడు" అని పెద్దమనుష్యుల యెదుటికి వచ్చువారు కనబడుచున్నారు. తీర్పు చెప్పవలసిన వారికి ఆ సాధనముయొక్క బలాబలములు తెలిసియుండవలెను. సాక్షి మాటను నమ్ముటకు ముందు, ఆ సాక్షి యెక్కడ నిలిచి చూచెను, ఎంత స్పష్టముగా చూచెను అని విచారించుట ధర్మము గదా. ఈ ప్రసంగమున అట్టి విచారణనే చేయదలచితిని.

మొదట ఈ సాధనము పనిచేయు విధమును చెప్పెదను. అమెరికా దేశమువారు 1973లో ఈ యేర్పాటును సంకల్పించి, 1978లో తొలి ఉపగ్రహమును పంపి, 1995 నాటికి దానిని సమగ్రము చేసిరి. ఆ యుపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచుండును. రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైడూ అనునవియు ఇట్టి యేర్పాటులే. మన దేశమువారు నావిక్ అను పేర ఏడు ఉపగ్రహముల యేర్పాటును సంకల్పించి, 2013 జూలై 1వ తేదీన మన శ్రీహరికోటనుండి తొలిదానిని పంపిరి.

ఉపగ్రహము మనలను చూచుచున్నదనియు, మన చోటును అదియే చెప్పుచున్నదనియు చాలమంది తలతురు. నిజము వేఱు. ఉపగ్రహము ఊరిలో చాటింపు వేయువాని వంటిది. "నేను ఫలానా చోట నున్నాను, ఇప్పుడు నా గడియారములో వేళ యింత" అని యది యెడతెగక చాటుచుండును. ఫోను ఆ చాటింపును వినునే కాని బదులు చెప్పదు. చాటింపు బయలుదేరిన వేళకును, తనకు చేరిన వేళకును గల భేదమును ఫోను లెక్కకట్టును. రేడియో తరంగము సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. నడినెత్తిన నున్న ఉపగ్రహమునుండి మనకు చేరుటకు దానికి సెకనును వేయి భాగములు చేసిన అందులో 67 భాగములు పట్టును. ఈ కాలమును వేగముచే గుణించినచో దూరము తేలును.

ఒక్క దూరము తెలిసినంతమాత్రమున చోటు తెలియదు. కళ్లములో గుంజకు కట్టిన యెద్దు, పలుపు బిగిసియున్నప్పుడు, గుంజ చుట్టును వలయములో నెక్కడనో యుండును. రెండవ గుంజనుండియు ఒక త్రాడు బిగిసియున్నచో ఆ రెండు వలయములును కలియు రెండు చోట్లలో నొకచోట నుండును. మూడవ త్రాడు ఆ సందేహమును తీర్చును. ఇట్లే మూడు ఉపగ్రహముల దూరములచే చోటు నిర్ణయమగును. అయితే ఫోనులోని గడియారము చౌకసరకు, దానిని నమ్మరాదు. దాని తప్పును సవరించుటకై నాలుగవ ఉపగ్రహము అవసరము. కనుక నాలుగింటికి తక్కువైనచో లెక్క కుదురదు. ఎంత యెక్కువైన అంత మేలు.

తార్కికుల మాటలో చెప్పవలెనన్నచో ఈ జ్ఞానము ప్రత్యక్షము కాదు, అనుమానము. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, కాలమును బట్టి దూరమును, దూరమును బట్టి స్థానమును ఊహించుచున్నాము. హేతువునందు దోషమున్నచో ఫలమునందు దోషము తప్పదు. ఆ దోషములు ఎన్ని తెఱగులో ఇక చూతము.

మొదటిది గడియారపు దోషము. సెకనులో పదిలక్షలవ భాగము తప్పిన దూరము 300 మీటర్లు తప్పును. వందకోట్లవ భాగము తప్పినను జానెడుకు మించి, అనగా 30 సెంటీమీటర్లు, తేడా వచ్చును. అందుచేత ఉపగ్రహములందు సీసియము, రుబిడియము అను ధాతువుల పరమాణువుల స్పందనమును లెక్కించు గడియారముల నుంచుదురు. ఐన్‌స్టీను పండితుని సిద్ధాంతము ప్రకారము, వేగముగా తిరుగు గడియారము కొంత మెల్లగాను, భూమ్యాకర్షణ తగ్గినచోట నుండు గడియారము కొంత త్వరగాను నడచును. రెండును కలిపి చూడగా ఈ గడియారములు దినమునకు సెకనులో పదిలక్షలవ భాగములు 38 చొప్పున ముందునకు పోవును. దీనిని ముందుగనే సవరించి పంపుదురు. సవరింపకున్నచో ఒక్క దినములోనే దూరపు లెక్క 11 కిలోమీటర్లు తప్పియుండెడిది. మన తొలి నావిక్ ఉపగ్రహమునందలి మూడు గడియారములును చెడిపోయి అది దారి చూపుటకు పనికిరాకపోయినది. అవి విదేశములనుండి తెచ్చినవి. 2023 మే 29వ తేదీన పంపిన ఉపగ్రహమునందు మన దేశముననే చేసిన రుబిడియము గడియారమును ఉంచిరి.

ఒకప్పుడు కావలెనని కల్పించిన దోషమును ఉండెడిది. శత్రువులకు ఉపయోగపడకుండుటకై అమెరికావారు సామాన్యులకు వినవచ్చు చాటింపులో కొంత తప్పు కలిపెడివారు. అందుచేత ఫలితము 100 మీటర్ల వఱకు తప్పుచుండెను. 2000 మే నెల మొదట దానిని మానివేసిరి. సామాన్యుల చేతిలో ఈ విద్య పండినది అటుతరువాతనే.

రెండవది మార్గదోషము. భూమికి సుమారు 60 మొదలు 1,000 కిలోమీటర్ల యెత్తువఱకు సూర్యకిరణముల తాకిడిచే గాలి చెదరి విద్యుత్కణములుగా నేర్పడిన పొర కలదు. దీనికి అయనావరణమని పేరు. షార్టువేవులో దూరదేశపు రేడియో మనకు వినబడుటకు కారణమిదియే. ఆ తరంగములను ఇది అద్దమువలె క్రిందికి మఱల్చును. ఉపగ్రహపు తరంగములు అంతకంటె చిన్నవగుటచే దీనిని చీల్చుకొని రాగలవు గాని, బురదలో నడచువానివలె ఆలస్యము చెందును. ఆ యాలస్యము లెక్కలో కొన్ని మీటర్లు మొదలు కొన్ని పదుల మీటర్ల వఱకు తప్పు తెచ్చును. పగలు రెండు గంటల ప్రాంతమున ఇది మెండు, తెల్లవారుజామున స్వల్పము.

ఈ విషయమున మన దేశమునకు ఒక విశేషము కలదు. భూమియొక్క అయస్కాంతమధ్యరేఖ మన దక్షిణపు కొనమీదుగా పోవుచున్నది. తిరువనంతపురము చెంత తుంబాయందు 1963లో రాకెట్టు కేంద్రమును నెలకొల్పుటకు ఇదియే హేతువు. ఆ రేఖమీద విద్యుత్కణములు చిమ్మెడి నీటిధారవలె పైకి లేచి, ఉత్తరమునను దక్షిణమునను వాలి గుమికూడును. ఉత్తరపు గుమి మధ్యభారతము మీద పడును. మన తెలుగుదేశము ఆ చిమ్ముటకును వాలుటకును నడుమ నున్నది. కనుక శీతలదేశములలో వ్రాసిన సవరణలెక్క ఇచ్చట సరిగా అతుకదు. ఇంతేకాక, సూర్యాస్తమయమైన పిమ్మట అర్ధరాత్రము లోపల ఈ పొరలో బుడగలవంటి ఖాళీలు లేచును. అప్పుడు నక్షత్రము మినుకుమినుకుమనునట్లు ఉపగ్రహపు ధ్వని హెచ్చుచు తగ్గుచు, ఒక్కొక్కప్పుడు తెగిపోవును. మార్చి, ఏప్రిలు, సెప్టెంబరు, అక్టోబరు నెలలందును, సూర్యునిలో మచ్చలు పెరుగు సంవత్సరములందును ఈ బాధ అధికము. ఆ మచ్చలు సుమారు 11 ఏండ్ల కొకమాఱు పెరుగుచుండును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు వాల్తేరునందు ఈ పొరనుగూర్చి చిరకాలముగా పరిశోధనలు చేసియున్నారు.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఈ యాలస్యము తరంగపు పరిమాణమును బట్టి మాఱును. రెండు వేర్వేఱు తరంగములను విని పోల్చినచో ఆలస్యమెంతయో పట్టుకొనవచ్చును. మంచి పరికరములు ఇట్లు చేయును. చౌక ఫోనులు పెక్కు ఒక్క తరంగమునే విని, మిగిలినది అందాజుగా సరిపెట్టుకొనును.

మేఘములు, వర్షము ఈ తరంగములను ఆపునని కొందఱి నమ్మకము. వానివలన కలుగు నష్టము గణింపదగినది కాదు. మనము పీల్చు గాలియే నడినెత్తినుండి వచ్చు తరంగమునకు సుమారు రెండున్నర మీటర్ల ఆలస్యము కలిగించును. దిగంతమునుండి ఏటవాలుగా వచ్చుదానికి అంతకు పలురెట్లు. ఇది చాలవఱకు లెక్కకు లొంగును. గాలిలోని తేమభాగము మాత్రమే పూర్తిగా లొంగదు.

మూడవది బలహీనత. ఉపగ్రహము ప్రసరింపజేయు శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే. ఇంటిలోని దీపమునకు పట్టునంత. అది ఇరువదివేల కిలోమీటర్లు దాటి మన చేతికి చేరుసరికి, ఒక వాటును ఒకటి ప్రక్కన పదునాఱు సున్నలుంచిన సంఖ్యచే భాగించినంత మిగులును. పరికరములోని సహజమైన రొదకంటెను ఇది తక్కువ. అయినను ఎట్లు వినబడుచున్నది? తిరునాళ్ల సందడిలో దూరముగా ఎవరో ఒక పద్యమును మఱల మఱల చదువుచున్నచో, ఆ పద్యము కంఠస్థమైనవాడు అక్షరమక్షరము జతపఱచుకొని దానిని పోల్చుకొనగలడు; రానివానికి రొదయే వినబడును. ప్రతి జి.పి.యస్. ఉపగ్రహమునకును 1023 గుఱుతుల వరుస యొకటి కలదు. దానిని సెకనులో వేయి మాఱులు వల్లించును. ఆ వరుస ఫోనునకు ముందుగనే కంఠస్థము.

ఇంత బలహీనమైనది గనుకనే అడ్డు వచ్చిన ప్రతి వస్తువును దీనిని చెఱచును. కాంక్రీటు మిద్దెక్రిందను, రేకుల కప్పుక్రిందను వినబడుట కష్టము. దట్టమైన మామిడితోటలోను, చింతచెట్టు క్రిందను బలము తఱుగును; ఆకులు తడిసియున్నచో మఱింత తఱుగును. జేబులో నుంచిన ఫోనునకు మన శరీరమే అడ్డు. ఫోనుమీద కనబడు గీతలు నిండుగా నున్నవి గదా యని ధైర్యపడరాదు. ఆ గీతలు ఊరిలోని టవరు బలమును చెప్పునే కాని ఉపగ్రహముల బలమును చెప్పవు. టవరు లేని అడవిలోను ఆకసము తెఱపిగా నున్నచో చోటు తెలియును. అయితే ఉపగ్రహముల జాడలను టవరు త్వరగా అందించును. అది లేనప్పుడు ఉపగ్రహమునుండియే నేర్చుకొనవలసి యుండుటచే కొంతసేపు ఓపికపట్టవలెను.

నాలుగవది ప్రతిధ్వని దోషము. ఇది మిగుల మోసకారి. కొండయెదుట కేకవేసినచో కొండనుండియు కేక వినవచ్చును. అట్లే మేడగోడ, రేకులషెడ్డు, నీటితొట్టి, లారీ మున్నగువానిపై బడి మఱలివచ్చిన తరంగము చుట్టుదారిన వచ్చుటచే దూరమును ఎక్కువచేసి చెప్పును. అసలు దారి మూయబడి మఱలిన ధ్వని మాత్రమే గట్టిగా వినబడినచో ఫోను దానినే నిజమనుకొనును. బిగ్గరగా పలికినవాడెల్లను నిజము పలికినవాడు కాడు. కనుక బలము వేఱు, నిక్కము వేఱు అని గుఱుతుంచుకొనవలెను.

అయిదవది అమరిక దోషము. ఆకసమున ఉపగ్రహములు నలుదెసల పరచుకొనియున్నచో చోటు చక్కగా తేలును. అన్నియు ఒకప్రక్కనే గుమికూడినచో, ప్రక్కప్రక్కనున్న రెండు తాడిచెట్లను చూచి దూరము అంచనా కట్టినట్లు, కొంచెపు తప్పు పెద్దదిగా పెరుగును. కొండవార పొలములకును, ఇఱుకు సందులకును ఈ బాధ కలదు. ఉపగ్రహములన్నియు మనకు పైననే యుండి క్రింద నొకటియు కనబడకుండుటచే, ఎత్తు లెక్కలో తప్పు ఎప్పుడును అధికము. కాలువకు వాలు చూచుటకు ఫోనును నమ్మరాదు.

ఇవియన్నియు కలిపి చూడగా, తెఱపియైన ఆకసము క్రింద మంచి ఫోను చెప్పు చోటు నిజమైన చోటునకు సుమారు 5 మీటర్ల లోపల నుండును. దారి చూచుకొనువానికి ఇది చాలును. గట్టు తగవునకు చాలునా? 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పుగల చేను ఇంచుమించు ఎకరము. పొడవైన అంచు ఒక్కటి 3 మీటర్లు లోపలికి జరిగి కనబడినచో 300 చదరపు మీటర్లు తఱుగును. అనగా ఏడున్నర సెంట్లకు దగ్గఱ. తెలంగాణపు లెక్కలో మూడు గుంటలు. చుట్టి వచ్చునంతసేపును తప్పు ఒకే దిక్కున, ఒకే కొలతగా నున్నచో చేను మొత్తము ప్రక్కకు జరిగినట్లు కనబడునే కాని విస్తీర్ణము మాఱదు. కాని బయలులో నొకరీతిగా, చెట్టుక్రింద నొకరీతిగా తప్పు మాఱుచుండుటచే విస్తీర్ణమును చెడును.

మా గ్రామమునందు ఇట్టి తగవొకటి దాయాదుల నడుమ పుట్టి నా యెదుటికి వచ్చినది. వాది తన ఫోనును చూపి ఎనిమిది సెంట్లు తగ్గినదనెను. ఆయనచేతనే, ఆ ఫోనుతోనే, అదే గట్టుమీద ఉదయమొకమాఱు, మధ్యాహ్నమొకమాఱు, మఱునాడొకమాఱు నడిపించితిని. మూడు నడకలకును మూడు లెక్కలు వచ్చెను. ఒకదానిలో ఆయన భూమియే దస్తావేజునకంటె ఎక్కువగా తేలెను. రాళ్లు కదలలేదు, గట్టు కదలలేదు; కదలినది లెక్క మాత్రమే. అంతట ఉభయులును ఫోను మాట విడిచి, సర్వేయరునకు అర్జీ పెట్టుకొనుటకు సమ్మతించిరి. అప్పటికే మాటలు మీఱి, రెండు కుటుంబములవారును ఒకరి యింట నొకరు భోజనము మానియుండిరి. యంత్రపు తప్పును ఎఱుగనిచో చుట్టరికములకు చేటు కలుగును.

కొలతసాధనమునందు దోషముండుట వింత కాదు. 1802లో లాంబ్టను దొర మదరాసు చెంత ఏడున్నర మైళ్ల గీటును ఉక్కుగొలుసుతో కొలిచినప్పుడు, ఎండకు గొలుసు సాగునని యెఱిగి, దానిని నీడలో నుంచి, ఉష్ణమాపకములతో వేడిని చూచి లెక్క దిద్దెను. ఆ కొలతకు 57 దినములు పట్టినది. దోషమును ఎఱిగి దిద్దుకొనుటయే శాస్త్రము.

ఉపగ్రహపు లెక్కను దిద్దు ఉపాయమును అట్టిదే. నిజమైన చోటు ముందుగనే తెలిసిన స్థలమున ఒక పరికరమును స్థిరముగా నిలుపుదురు. అది ఉపగ్రహములను విని, "నా చోటు ఇది, ఉపగ్రహముల లెక్క మఱియొకటి చెప్పుచున్నది, కనుక ఈ క్షణమున తప్పు ఇంత" అని తేల్చి, ఆ తప్పును చుట్టుప్రక్కల వారికి తెలుపును. గడియారపు దోషమును, మార్గదోషమును ఇరువురకు సమానమగుటచే తీసివేయబడును. విమానముల కొఱకు మన దేశమున నేర్పఱచిన గగన్ అను విధానము ఇట్టిదే. దేశమున 15 చోట్ల నిలిపిన కేంద్రములు తప్పును లెక్కించగా, ఆ సవరణ మన యుపగ్రహముల ద్వారమున విమానములకు అందును. 2015లో విమానములు నేలకు దిగుటకు సైతము దీనిని అంగీకరించిరి.

సర్వేయరు చేతిలోని కఱ్ఱమీద నుండు రోవరు ఇంకను సూక్ష్మమైనది. అది తెలిసిన చోటనున్న కేంద్రమునుండి సవరణ పొందుటయే కాక, ఉపగ్రహపు తరంగములోని అలలనే లెక్కించును. ఒక్కొక్క అల పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. అలల లెక్క సరిగా కుదిరినచో తప్పు కొన్ని సెంటీమీటర్లకు దిగును. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల పునఃసర్వేయందు డ్రోనులతోపాటు ఈ పద్ధతినే వాడిరి. అయినను రోవరు నాకసమునకు అతీతమైనది కాదు. చెట్టుక్రిందను, గోడవారను ప్రతిధ్వని దోషము దానికిని తగులును. కేంద్రమునకును రోవరునకును చుట్టుప్రక్కలనున్న అడ్డులు వేర్వేఱు గనుక సవరణచే అది పోదు. అలల లెక్క కుదిరినచో సర్వేయర్లు దానిని ఫిక్స్ అందురు. కుదురకున్నచో ఫ్లోట్ అందురు. ఫ్లోట్‌లో తీసిన గుఱుతును హద్దుగా నెంచరాదు.

ఇంకొక మాట. చోటు సరిగానే తెలిసినను దారి తప్పవచ్చును. 2024 నవంబరులో ఉత్తరప్రదేశమున బరేలీ సమీపమున, ఫోను చూపిన దారిని నమ్మి పోయిన కారు వరదకు కొట్టుకొనిపోయిన వంతెన కొననుండి రామగంగలో పడి ముగ్గురు మరణించిరి. ఆ దోషము ఉపగ్రహములది కాదు. వంతెన విఱిగిన సంగతి పటమునకు ఎక్కలేదు. చోటును చెప్పునది ఉపగ్రహము. దారిని చెప్పునది మనుష్యుడు వ్రాసిన పటము. రాత్రివేళ తెలియని దారిలో ఊరివారిని అడుగుట చిన్నతనము కాదు.

ఇక పెద్దలు చేయదగినది చెప్పి ముగించెదను. ఎవరైన ఫోను లెక్కతో తగవునకు వచ్చినచో, వేర్వేఱు వేళల మూడు మాఱులు కొలిపించి లెక్కల తేడాను వారికే చూపుడు. తేడా వారు చెప్పు నష్టమునకు సమానముగానో మిన్నగానో యున్నచో తగవునకు ఆధారము లేదు. సర్వేయరు వచ్చినప్పుడు, కదలని పాతరాయి యొకటి చూపి మొదట దానిని కొలువుమని వినయముగా కోరుడు. దస్తరములోని కొలతతో అది సరిపడినచో మిగిలిన కొలతలకు బలము చేకూరును. ఫిక్స్ వచ్చినదా యని యడుగుడు. కఱ్ఱ నిట్టనిలువుగా నున్నదో లేదో కనిపెట్టుడు. చెట్టుక్రింది రాతిని, బయలులో రెండు గుఱుతులు తీసి, అక్కడనుండి టేపుతో కొలుచుట మేలు. ఉభయ పక్షములవారిని వెంటబెట్టుకొని అందఱి కన్నుల యెదుట కొలిపించుడు. పిమ్మట కాగితము, రాయి, కొలత, ఇరుగుపొరుగు సాక్ష్యము ఈ నాలుగును పోల్చి తీర్పు చెప్పుడు. యంత్రమును తిరస్కరింపనక్కఱలేదు, దానిని ఒక సాక్షిగా నెంచి, దాని మాటను తూచి గ్రహించిన చాలును.